వృథా పోనివ్వని ఎంజైము

రావులపాలెం మార్కెట్‌కు గెల చేరితే అరటి రైతుకు పంట చేతికొచ్చినట్టే. అయినా తోటలో మిగిలిన చెట్టును ఎవరూ వృథా పోనివ్వరు. ఆకు భోజనానికి, పువ్వు కూరకు, దూట పెరుగు పచ్చడికి, నార పూలదండకు పనికొస్తాయి. చివరికి మిగిలింది అక్కడే కుళ్లి పక్కనున్న పిలకకు ఎరువవుతుంది. ఈ పొదుపు కోనసీమ రైతుకు ఒకరు నేర్పాల్సింది కాదు. మన ఒంట్లో ప్రతి కణమూ ఇలాంటి పొదుపే చేస్తుందని, అందుకోసం ఒక ఎంజైము రాత్రీ పగలూ పనిచేస్తుందని, అది లేకుండా పుట్టిన పిల్లలు ఎంత అల్లాడిపోతారో మాత్రం చాలామందికి తెలియదు. ఈ ఎంజైము ఆసరాగా పుట్టిన వైద్యంలో గోదావరి జిల్లాల బిడ్డ ఒకరికి పెద్ద భాగమే ఉంది. అందుకే ఆ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి.

డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలలో ఉండే అడెనిన్, గ్వానిన్‌లను ప్యూరిన్లు అంటారు. గుండె కొట్టుకోవాలన్నా, చెయ్యి కదలాలన్నా ఖర్చయ్యే ఏటీపీలోనూ అడెనిన్ ఉంది. కణం వీటిని రెండు దారుల్లో సమకూర్చుకుంటుంది. మొదటిది, చిన్నచిన్న ముక్కలతో కొత్తగా కట్టుకోవడం. పీఆర్‌పీపీ అనే చక్కెర ఫాస్ఫేటుతో మొదలుపెట్టి పది మెట్లు ఎక్కితే గానీ ఐఎంపీ అనే తొలి ప్యూరిన్ న్యూక్లియోటైడు తయారు కాదు. దారి పొడవునా ఏటీపీ ఖర్చవుతూనే ఉంటుంది. రెండో దారిలో అంత శ్రమ లేదు. పాతవి విరిగినప్పుడు బయటపడే హైపోగ్జాంథిన్, గ్వానిన్‌లకు అదే పీఆర్‌పీపీని జోడించి ఒక్క మెట్టులో మళ్లీ వాడుకకు తెస్తుంది కణం. ఈ పని చేసే ఎంజైము పేరు హెచ్‌జీపీఆర్‌టీ. పూర్తి పేరు హైపోగ్జాంథిన్ గ్వానిన్ ఫాస్ఫోరైబోసైల్ ట్రాన్స్‌ఫరేజ్. దీని చేతికి చిక్కని హైపోగ్జాంథిన్, గ్వానిన్‌లు యూరిక్ యాసిడ్‌గా మారి చాలావరకు మూత్రంలో పోతాయి. ల్యాబ్ రిపోర్టులో మనం కంగారుగా వెతుక్కునే యూరిక్ యాసిడ్ అదే.

ఈ ఎంజైము నిర్మాణం చూస్తే ముచ్చటేస్తుంది. మనిషిలో ఒకే రకం గొలుసులు నాలుగు కలిసి ఇది ఏర్పడుతుంది. ఒక్కో గొలుసులో 217 అమైనో ఆమ్లాలు ఉంటాయి. దీని రూపాన్ని 1994లో ఎక్స్‌రేల సాయంతో తేల్చారు. అసలు పని జరిగేది ప్రతి గొలుసులోనూ ఉండే ఒక గుంటలో. ముందు పీఆర్‌పీపీ మెగ్నీషియంతో కలిసి అక్కడికి చేరుతుంది, తర్వాత ప్యూరిన్ వస్తుంది. 186వ స్థానంలోని ఫినైల్‌అలనిన్ ఆ ప్యూరిన్‌కు ఆనుకుని దాన్ని నిలబెడుతుంది. 165వ స్థానంలోని లైసిన్, ప్యూరిన్ ఆరో స్థానంలో ఆక్సిజన్ ఉందా అని చూస్తుంది. హైపోగ్జాంథిన్‌కూ గ్వానిన్‌కూ అక్కడ ఆక్సిజన్ ఉంటుంది. అడెనిన్‌కు ఉండదు, దాని పని చూసే ఎంజైము వేరే ఉంది. అన్నీ కుదిరాక వదులుగా వేలాడే గొలుసు భాగం ఒకటి వచ్చి గుంటను కప్పేస్తుంది. ఆ సమయంలో నీరు చొరబడితే పీఆర్‌పీపీ ఊరికే విరిగిపోతుంది. కంటికి కనిపించని ఆ చోట ఇంత జాగ్రత్త ఉంది!

హెచ్‌జీపీఆర్‌టీ జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. అందువల్ల అది పూర్తిగా చెడినప్పుడు జబ్బు దాదాపు మగపిల్లల్లోనే కనిపిస్తుంది. 1964లో అమెరికాలో మైకేల్ లెష్ అనే వైద్య విద్యార్థి, ఆయన గురువు విలియం నైహన్ ఈ జబ్బును మొదటిసారి వివరించారు. దానికి వాళ్ల పేర్లే స్థిరపడ్డాయి. కారణం ఈ ఎంజైము లేకపోవడమేనని 1967లో తేలింది. పసివాడి గుడ్డల మీద నారింజ రంగు ఇసుకలాంటిది కనపడటం మొదటి గుర్తు. అది యూరిక్ యాసిడ్ స్ఫటికాల పొడి. తర్వాత నెలలు గడిచినా మెడ నిలవదు, కాళ్లూ చేతులూ మెలికలు తిరుగుతాయి. ఆపైన పిల్లవాడు తన పెదవులను, వేళ్లను తనే కొరుక్కుంటాడు. నొప్పి తెలియక కాదు. ఏడుస్తూనే, ఆపమని వేడుకుంటూనే కొరుక్కుంటాడు. చేతులకు మెత్తటి కట్లు కడితే స్థిమితపడతాడు, విప్పబోతే భయపడతాడు. దీన్ని మొండితనమనో, పెంపకం లోపమనో అనుకోవడం ఆ తల్లిదండ్రులకు మనం చేసే పెద్ద అన్యాయం. అల్లోప్యూరినాల్ మాత్రతో యూరిక్ యాసిడ్ తగ్గుతుంది, మూత్రపిండాలు నిలుస్తాయి. కొరుక్కోవడాన్ని మాన్పే మందు ఇంకా రాలేదు. జబ్బు చాలా అరుదైనదే. కానీ మెదడుకు ఈ రెండో దారి ఎంత ముఖ్యమో ఈ పిల్లల వల్లే లోకానికి తెలిసింది.

ఇక మన గోదావరి బిడ్డ సంగతి. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదించాలని ఇల్లు విడిచి వెళ్లిపోయారట. నిడదవోలులో పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి వెంకమ్మ పట్టుబట్టి మళ్లీ చదువులో పెట్టారు. ఆ కుర్రవాడు తర్వాత మద్రాసులో వైద్యం చదివి, అనపర్తిలోని మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం అందుకుని 1922లో అమెరికా చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీని వెలికితీశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా దాన్ని కనుగొన్నారు.

ఫిస్కే దగ్గరే జార్జ్ హిచింగ్స్ అనే పరిశోధక విద్యార్థి ప్యూరిన్లను కొలిచే పద్ధతుల మీద పనిచేసి 1933లో డాక్టరేట్ తీసుకున్నారు. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లు అప్పట్లో వెలుగు చూడలేదని, వాటిని ఇతరులు ఏళ్ల తర్వాత మళ్లీ కనుగొనాల్సి వచ్చిందని హిచింగ్సే తర్వాతి కాలంలో చెప్పారు. ఒకే ప్రయోగశాలలో ప్యూరిన్ల రుచి మరిగిన ఈ ఇద్దరూ తర్వాత చెరో మందుల కంపెనీకి వెళ్లారు. రక్త క్యాన్సర్ మీద ఒకరు మొదటి దారిలో, మరొకరు రెండో దారిలో దెబ్బ కొట్టారు.

పది మెట్ల దారిలో రెండు మెట్లకు ఫోలిక్ యాసిడ్ సాయం కావాలి. లెడర్లీ కంపెనీలో సుబ్బారావు బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లనూ తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను లుకేమియా సోకిన 16 మంది పిల్లలకు ఇస్తే పది మందిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 53 ఏళ్లు.

హిచింగ్స్, ఆయన సహోద్యోగి గెర్‌ట్రూడ్ ఎలియాన్ 1951 నాటికి మెర్కాప్టోప్యూరిన్ తయారుచేశారు. ఇది అచ్చం హైపోగ్జాంథిన్‌లాగే ఉంటుంది. ఆరో స్థానంలో ఆక్సిజన్‌కు బదులు గంధకం, అంతే తేడా. హెచ్‌జీపీఆర్‌టీ దాన్ని తన సరుకే అనుకుని పీఆర్‌పీపీని జోడిస్తుంది. ఆ జోడింపుతోనే అది మందవుతుంది. క్యాన్సర్ కణం డీఎన్‌ఏలోకి చేరి దాన్ని చెడగొడుతుంది. మాత్రగా మింగిన దానికి ఆ బలమిచ్చేది కణంలోని ఈ ఎంజైమే. ఎంజైము పోగొట్టుకున్న క్యాన్సర్ కణాల మీద మందు పనిచేయకపోవడమే ఇందుకు రుజువు. హిచింగ్స్, ఎలియాన్‌లకు 1988లో నోబెల్ వచ్చింది. సుబ్బారావుకు ఏ నోబెలూ రాలేదు. ఆ వెలితి తెలుగువాళ్లుగా మనకు ఎప్పటికీ బాధే.

అమినోప్టెరిన్, హెచ్‌జీపీఆర్‌టీ మరోచోటా కలుసుకున్నాయి. 1975లో కోలర్, మిల్‌స్టీన్ మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీ పద్ధతి కనుగొన్నారు. అందులో యాంటీబాడీ చేసే కణాలను క్యాన్సర్ కణాలతో కలిపి, అమినోప్టెరిన్‌తో మొదటి దారి మూసేస్తారు. అప్పుడు హెచ్‌జీపీఆర్‌టీ ఉన్న కలయిక కణాలే బతికి, ఆ ఎంజైము లేని క్యాన్సర్ కణాలు చచ్చిపోతాయి. మెడికల్ షాపులో దొరికే గర్భనిర్ధారణ కిట్టులో ఉండేవి అలాంటి యాంటీబాడీలే.

రక్త క్యాన్సర్లలో పిల్లలకు ఎక్కువగా వచ్చే రకానికి నేటికీ ఆధారం మెర్కాప్టోప్యూరిన్, మెథోట్రెక్సేట్ మందులే. మొదటి నెలల ఘాటైన చికిత్స అయ్యాక రెండేళ్లకు పైగా ఇంటి దగ్గరే రోజూ మెర్కాప్టోప్యూరిన్, వారానికోసారి మెథోట్రెక్సేట్ వేసుకోవాలి. భీమవరం బిడ్డ మందు ఒకటి, ఆయన హార్వర్డ్ ప్రయోగశాల సహచరుడి మందు ఒకటి ఒకే ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి. పూర్తి చికిత్స అందే ధనిక దేశాల్లో ఈ జబ్బు నుంచి పది మంది పిల్లల్లో సుమారు తొమ్మిది మంది బయటపడుతున్నారు.

చిక్కంతా ఆ రెండేళ్లలోనే. పిల్లవాడికి జుట్టు మళ్లీ వస్తుంది, బడికి వెళ్తాడు, సైకిలు తొక్కుతాడు. ఇక మందులెందుకని చుట్టాలు అంటారు. వైజాగ్‌కో హైదరాబాద్‌కో తిరిగి తిరిగి ఇంట్లోవాళ్లూ అలిసిపోతారు. అమెరికాలో జరిగిన పరిశీలనలో, నూటికి అయిదుకు మించి మోతాదులు తప్పిన పిల్లల్లో జబ్బు తిరగబెట్టే ప్రమాదం రెట్టింపుకు మించి కనిపించింది. కోనసీమలో ఇలాంటి బిడ్డ ఉన్న ప్రతి ఇంటికీ మా విన్నపం ఒక్కటే. మెర్కాప్టోప్యూరిన్ రోజూ ఒకే వేళకు వేయండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, డాక్టరు చెప్పిన రోజునే వేయండి. రక్తపరీక్ష వాయిదా వేయకండి, దాన్ని చూసే డాక్టరు మోతాదు మారుస్తారు. ఇంట్లో పెద్దవాళ్ల యూరిక్ యాసిడ్ మాత్ర అల్లోప్యూరినాల్ పొరపాటున కూడా ఆ బిడ్డకు వేయకండి, అది మెర్కాప్టోప్యూరిన్ ప్రభావాన్ని ప్రమాదకరంగా పెంచుతుంది. పిల్లవాడు ఎంత ఆరోగ్యంగా కనిపించినా సరే, వైద్యులు ఆపమనే దాకా మాత్ర ఆపకండి.