పూసకు పేరుంది, మనిషికి నెంబరుంది

పాత గాజుపూసలు ఏరి దాచుకునే షోకు అమెరికాలో, యూరపులో చాలామందికి ఉంది. వెనిస్ పక్కన మురానో దీవి పూసలంటే మరీ మోజు. నక్షత్రంలా పొరలున్నది షెవ్రాన్, పూలగుత్తిలా ఉన్నది మిల్లెఫియోరి. వీటినే కొందరు 'బానిస పూసలు' అని అమ్ముతుంటారు. ఆ పేరు మీదే మాకు పేచీ.

పూస ఎట్లా బానిసవుతుంది? బానిసలైంది మనుషులు. 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం దాకా సుమారు కోటీ పాతిక లక్షల మంది ఆఫ్రికన్లను ఓడలెక్కించారు. గుడ్డ, ఇనుము, తుపాకులు, సారాతో పాటు పూసలు కూడా ఆ బేరంలో చెల్లాయి. 1700లో ఫ్లోరిడా దగ్గర మునిగిన హెన్రియెట్టా మేరీ ఓడ శిథిలాల్లో వేలకొద్దీ పూసలూ దొరికాయి, సంకెళ్ళూ దొరికాయి. పూసను అద్దాల పెట్టెలో పెట్టి సంకెలను మరిచిపొమ్మంటే ఎట్లా?

ఇంకో తమాషా ఉంది. మిల్లెఫియోరి వర్తక పూసల్లో ఎక్కువ భాగం 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో చేసినవే. అప్పటికి అట్లాంటిక్ బానిస ఓడలు ఆగిపోయాయి. అంటే మనుషుల ఏడుపును కూడా ధర పెంచే ముద్రగా వాడుకుంటున్నారన్నమాట!

'తళుకు చూసి మోసపోయిన అమాయకులు' అనే మాట కూడా చెల్లదు. నైజీరియాలోని ఇలే-ఇఫేలో యూరపు ఓడలు రాకముందే సొంతంగా గాజు కరిగించి పూసలు తీశారు. ఏ రేవులో ఏ రంగు చెల్లాలో కొనేవాళ్ళే తేల్చేవారు. అందుకే వ్యాపారులు నమూనా అట్టలు తయారుచేసుకున్నారు. తెలివిలేనివాళ్ళతో అంత తిప్పలెందుకు? అక్కడి రాజులు, దళారులు వాటా తిన్నమాట నిజమే, దాచం. కానీ అమ్ముడుపోయింది వాళ్ళు కాదు గదా!

వెనిస్‌లో పూసలు దారానికి గుచ్చింది పేదింటి ఆడవాళ్ళు. కూలి చాలక 1904లో సమ్మె కూడా చేశారు.

1991లో న్యూయార్క్‌లో ప్రభుత్వ భవనానికి పునాది తవ్వుతుంటే ఆఫ్రికన్ల శ్మశానం బయటపడింది. అందులో ఒక స్త్రీ నడుముకు వందకు పైగా పూసల మొలనూలు ఉంది. ఊరు పోయింది, పేరు పోయింది. ఆమెను సాగనంపినవాళ్ళు ఆ మొలనూలు మాత్రం తియ్యలేదు. రికార్డుల్లో ఆమె 340వ సమాధి. అంతే.

పూసలు దాచుకునే అయ్యలారా, దాచుకోండి. పక్కన చీటీ మీద నిజం రాయండి: ఎవరు గుచ్చారు, ఎప్పుడు చేశారు, దేనికి బదులిచ్చారు. పిల్లలకు పాఠం చెప్పే మేం కోరేది అంతే.