అకేదియా సోమరితనమేనా?

క్రీ.శ. 4వ శతాబ్దమున ఈజిప్టు ఎడారులయందు తపోజీవనము సాగించిన క్రైస్తవ సన్న్యాసుల రచనలు సంస్కృత పండితులకు చిరపరిచితములవలె తోచును. ఆ పరిచయభ్రాంతియే వ్యాఖ్యాతలను ప్రమాదమున పడవేయుచున్నది. ఎవాగ్రియసు కృతియే ఇందుకు నిదర్శనము.

399లో కెల్లియా అను సన్న్యాసివాటికయందు దివంగతుడైన ఎవాగ్రియసు, గ్రీకుభాషలో నూరు స్వల్పాధ్యాయములుగా 'ప్రాక్తికోస్' అను గ్రంథమును రచించెను. సాధకుని బాధించు తలంపులు ఎనిమిదియని ఆయన నిర్ణయము: తిండియాశ, కామము, ధనలోభము, దుఃఖము, క్రోధము, అకేదియా, కీర్తికాంక్ష, గర్వము. కామక్రోధలోభమదములు కనబడినంతనే ఇది అరిషడ్వర్గమే యనుట సులభము. కాని దుఃఖమునకును అకేదియాకును షడ్వర్గమున స్థానము లేదు. మోహమాత్సర్యములు ఈ ఎనిమిదింట విడిగా పేర్కొనబడలేదు. అంతేకాదు, తలంపు పుట్టుట సాధకుని వశములోనిది కాదనియు, దానిని నిలువనిచ్చుటయు మానుటయు మాత్రమే అతని వశమనియు ఎవాగ్రియసు మతము. కావున వీనిని శత్రువులని గాక తలంపులనియే వ్యవహరించుట న్యాయము.

అకేదియాను సోమరితనమని అనువదించుట అంతకంటె పెద్ద దోషము. మధ్యాహ్నవేళ సూర్యుడు కదలనట్లు తోచుట, ఉన్న చోటును చేయు పనిని ద్వేషించుట, బంధువులను తలచుకొని కుటీరమును విడిచిపోవ నెంచుట దాని లక్షణములు. ఈ స్థితిలోని సన్న్యాసి పరోపకారము నెపముగా రోగులను చూడ బయలుదేరుననియు ఎవాగ్రియసు మార్గము ననుసరించిన కాసియను తన లాటిను గ్రంథమున వ్రాసెను. అట్లు బయలుదేరువాడు సోమరి యెట్లగును? యోగసూత్రములు చెప్పిన తొమ్మిది అంతరాయములలో ఆలస్యము ఒక్కటి దీనికి చాలదు. స్త్యానమును అనవస్థితత్వమును కూడ చేర్చిననే కొంత సామ్యము కుదురును.

పాశ్చాత్యదేశములందును ఈ నష్టము జరిగినది. 6వ శతాబ్దాంతమున పోపు గ్రెగొరీ ఈ పట్టికను సంస్కరించి అకేదియాను దుఃఖమున లీనము చేసెను. తరువాత అది మరల సప్తపాపములలో చేరి, క్రమముగా వట్టి సోమరితనముగ మిగిలెను. ఎడారి సన్న్యాసి ఆంతరిక సంకటము ఆ మాటలో అదృశ్యమైనది.

తెలియని పదము పాఠకునికి అడ్డగునని కొందరు ఆక్షేపింపవచ్చును. యోగ, నిర్వాణ శబ్దములను యూరపు భాషలు యథాతథముగా గ్రహింపలేదా? వానికి తగిన ఏకపదము లేదని గుర్తించుటయే అందలి వివేకము. అదే మర్యాదను అకేదియా యెడల పాటించి, మూలశబ్దమును నిలిపి వివరణ నొసగుట అనువాదకుల ధర్మము. సామ్యమును చూపుట పాండిత్యమే. భేదమును కాపాడుట పాండిత్యమునకు పరీక్ష.