వెబ్ పుటను చదువరి దిద్దుకొనవచ్చును

తెలుగు చదువుట కష్టమని మన పిల్లలు చెప్పునపుడు, ఆ కష్టము భాషయందున్నదా, పుటయందున్నదా యని విచారింపక తీర్పు చెప్పుట న్యాయము కాదు. అచ్చుపుస్తకమును ధారాళముగ చదువు బాలుడే, ఫోనునందలి తెలుగు వ్యాసమును రెండు పేరాలు చదివి, విసిగి, ఆంగ్లమునకో ఒడియాకో మరలుట మనము చూచుచునే యున్నాము. తల్లిదండ్రులు దానిని చూచి, "వీనికి తెలుగు పట్టుబడలేదు" అనుకొందురు. బాలుడును అట్లే యనుకొనును. ఆ భావము ఒకమాఱు నాటుకొనిన పిమ్మట దానిని పెఱుకుట ఎంత కష్టమో ఉపాధ్యాయులమైన మేమెఱుగుదుము. ఈ విషయమున మా అభిప్రాయము మూడు మాటలలో చెప్పెదము. దోషములో పెద్దపాలు పుట కట్టుబాటుది. ఆ కట్టుబాటును చదువరి తన యంత్రమున తానే మార్చుకొనవచ్చును. ఆ విద్యను మన పాఠశాలలో నేర్పవలెను.

"ఒకరు కట్టిన పుటను మార్చుటకు మనకు అధికారమెక్కడిది?" అని కొందఱు అడుగుదురు. ఈ అధికారము దొంగచాటున సంపాదించినది కాదు. వెబ్ పుట్టుకతోడనే వచ్చినది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధనాలయమున వెబ్‌ను ప్రతిపాదించెను. పుట యొక్క విషయమొక చోటను, దాని వేషము మఱియొక చోటను ఉండవలెనను తలంపుతో 1994 అక్టోబరులో హోకన్ వియుమ్ లీ ఒక పద్ధతిని ప్రకటించెను. బెర్ట్ బాస్ దానికి తోడుపడెను. 1996 డిసెంబరులో అది ప్రమాణముగ వెలువడినది. సీఎస్ఎస్ అని పిల్లలు కంప్యూటరు తరగతిలో వినునది ఇదియే. అక్షరము ఎంత యుండవలెను, ఏ రంగున నుండవలెను, పంక్తుల నడుమ ఎంత ఎడముండవలెను అను నియమములు మూడు చోట్ల నుండి రావచ్చునని ఈ పద్ధతి చెప్పుచున్నది: బ్రౌజరు నుండి, పుటకర్త నుండి, చదువరి నుండి. 1998లో వచ్చిన రెండవ ప్రమాణము ఇంకొక అడుగు ముందుకు వేసినది. "ఇది ముఖ్యము" అని కర్తయు చదువరియు ఇరువురును పట్టుబట్టినచో, చదువరి మాటయే నెగ్గవలెనని నిర్ణయించినది. చూపు మందగించినవారు మొదలగువారి అవసరమును తలచి చేసిన ఏర్పాటిది. ఇంతటి హక్కు అచ్చుపుస్తకము చదువువానికి ఏనాడును లేదు.

ఇక తెలుగు పుటకు ప్రత్యేకముగ కలుగు ఇబ్బంది యేమి? మన లిపి నిలువునను పెరుగునది. పైన గుడియు, ఎత్వమును, క్రింద ఒత్తులు. "రాష్ట్రము" అను మాటలో ష క్రింద ట, దానికి తోడు ర వచ్చును. "స్వాతంత్ర్యము" అను మాటయు అట్టిదే. ఆంగ్లాక్షరములకు చాలిన పంక్తి యెడము దీనికి చాలదు. ఎడము చాలనపుడు పై పంక్తి ఒత్తులు క్రింది పంక్తి గుడులను తాకును. కొన్ని శీర్షికలలోను మీటలలోను ఒత్తు అడుగు తెగిపోవుటయు కద్దు. ఇంతయు ఒక్క పంక్తి యెత్తులో ఇముడవలసియుండుట చేత, ఆంగ్లముతో సమాన పరిమాణము చెప్పినను పెక్కు ఫాంటులలో తెలుగక్షరము చిన్నదిగా కనబడును. మన లిపిలో ద, ధ లకును, ప, ఫ లకును, డ, ఢ లకును భేదము అడుగునగల చిన్న గీత మాత్రమే. అది చెదరినచో కన్ను ఊహింపవలసినదే. పెద్దవారు అలవాటు చేత ఊహింతురు. ఇంటను తెలుగు, వీథిలో ఒడియా, పరీక్షలో ఆంగ్లము నడుపుకొను మన పిల్లలకు ఆ ఊహ యింకను బలపడలేదు. కావున చిన్న గీత పోయినచో వారికి మాటయే పోవును.

ఉదాహరణమునకు తెలుగు వికీపీడియాను తీసికొందము. 2003 డిసెంబరులో ఆరంభమైన ఆ విజ్ఞానసర్వస్వము మన పిల్లలకు గొప్ప ఆధారము. రుసుము లేదు, సరిహద్దు లేదు. దాని పుటను చదువరి తన సౌకర్యము కొఱకు ఐదు నియమములతో దిద్దుకొనవచ్చును.

మొదటిది అక్షర పరిమాణము. బ్రౌజరులు సామాన్యముగ 16 పిక్సెళ్లను మూలపరిమాణముగ గైకొనును. తెలుగునకు 20 మేలు. రెండవది పంక్తి యెత్తు. అక్షర పరిమాణమునకు 1.8 రెట్లు పెట్టినచో, 20 పిక్సెళ్ల అక్షరమునకు 36 పిక్సెళ్ల పంక్తి యేర్పడి, ఒత్తులు సుఖముగ కూర్చుండును. వెబ్ పుటల సౌలభ్యమును గూర్చి 2018లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకములు, చదువరి పంక్తి యెత్తును 1.5 రెట్లకు పెంచుకొన్నను పుట చెదరరాదని చెప్పుచున్నవి. మన లిపికి ఇంకను కొంచెము అధికమే కావలెను. మూడవది పంక్తి పొడవు. కంప్యూటరు తెర యొక అంచు నుండి మఱియొక అంచు దాక సాగిన పంక్తిని చదివి, మరల మొదటికి వచ్చునప్పటికి కన్ను త్రోవ తప్పును. పంక్తికి ఎనిమిది, పది మాటలు చాలును. నాల్గవది అమరిక. కుడియంచును సమముగ కత్తిరించు అమరిక తెలుగునకు పొసగదు. మన పదములు దీర్ఘములు. విభక్తులతో, సంధులతో ఇంకను పెరుగును. పంక్తి చివర విఱుగవు. అందుచేత మాటల నడుమ గోతులు పడును. ఎడమయంచును మాత్రము సమముగ నుంచి, కుడియంచును విడిచిపెట్టవలెను. ఐదవది వాలు. ఆంగ్లమున వాలు అక్షరములకు వేఱు అచ్చు కలదు. తెలుగు ఫాంటులలో సామాన్యముగ అది లేదు. యంత్రము నిటారు అక్షరమునే ప్రక్కకు వంచి చూపును. దానిని మాన్పి, నిలువక్షరమునే యుంచుట మేలు.

ఫాంటు మాట వేఱుగ చెప్పవలెను. నేడు తెలుగునకు ఉచితముగ లభించు ఫాంటులు పెక్కు గలవు. నోటో వరుసలో రెండు తీరులు కలవు. సిలికానాంధ్ర ద్వారా వెలువడిన వానిలో మండలి వార్తాపాఠమునకు ఉద్దేశింపబడినది; గిడుగు శీర్షికలకు ఉద్దేశింపబడినది. పేరు ప్రియమైనదని శీర్షికల ఫాంటును దీర్ఘపాఠమునకు తగిలింపరాదు. ఇంకొక సదుపాయమును గూడ పిల్లలు తెలిసికొనవలెను. యూనికోడు పట్టికలో తెలుగునకు 128 స్థానముల వరుస యొకటి కేటాయింపబడియున్నది. "ఈ ఫాంటు ఆ వరుసకు మాత్రమే" అని నియమము వ్రాయవచ్చును. అపుడు అదే పుటలోని ఆంగ్లమును, ఒడియాయును చెక్కుచెదరవు. మూడు లిపుల నడుమ బ్రతుకు మనవంటి వారికి ఇంతకన్న అనుకూలమైన ఏర్పాటు మఱి లేదు.

ఈ నియమములను ఎక్కడ వ్రాయవలెను? వికీపీడియాలో ఖాతా గలవారు తమ పేరిట నుండు సీఎస్ఎస్ పుటలో వ్రాసికొనవచ్చును. ఇతర పుటలకు స్టైలస్ వంటి పొడిగింపును బ్రౌజరులో చేర్చుకొనవలెను. పూర్వము బ్రౌజరులే ఈ సౌకర్యమును నేరుగ నిచ్చెడివి. క్రోమ్ 2014లో దానిని తొలగించినది. ఫైర్‌ఫాక్స్ 2019 నుండి దానిని మూసియుంచి, కోరినవారికి మాత్రమే తెఱచుచున్నది. ఆండ్రాయిడ్ ఫోనునందు ఫైర్‌ఫాక్స్ పొడిగింపులను అనుమతించును. ఇంత శ్రమ పడలేనివారు బ్రౌజరులోని పఠనదృశ్యమును తెఱచినను చాలును. అది ప్రకటనలను, ప్రక్కపట్టీలను తొలగించి పాఠమును మాత్రము చూపును. సఫారీలో 2010 నుండియు, కంప్యూటరు ఫైర్‌ఫాక్స్‌లో 2015 నుండియు అది యున్నది.

అయినను ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పుటను దిద్దు పొడిగింపు పుటను చూడగలదు, చూడగలిగినది మోసికొనిపోగలదు. స్టైలిష్ అను ప్రసిద్ధమైన పొడిగింపు, తన్ను వాడువారు దర్శించిన పుటల వివరములను సేకరించుచున్నదని 2018 జూలైలో బయటపడగా, మొజిల్లాయు గూగులును దానిని తమ జాబితాల నుండి తొలగించినవి. మార్పుల పిమ్మటనే అది తిరిగివచ్చినది. కావున పిల్లలు తమంతట తాము ప్రతి పొడిగింపును చేర్చుకొనరాదు. తండ్రి ఫోనులో బ్యాంకు వ్యవహారములుండును. పెద్దవారిని అడిగి, పొడిగింపు కోరు అనుమతులను చదివి, ఆ పిమ్మటనే చేర్చుకొనవలెను. ఇతరులు వ్రాసిన నియమములను కన్నులు మూసికొని తెచ్చుకొనుట కన్న, ఐదు పంక్తులు తామే వ్రాసికొనుట క్షేమమును, విద్యయును గూడ.

ఈ విద్యకు హద్దులు లేకపోలేదు. పాత పుస్తకముల ఛాయాచిత్రములకు ఈ నియమములు పనికిరావు. అవి చిత్రములే గాని అక్షరములు కావు. యూనికోడునకు పూర్వము పత్రికలు తమ సొంత ఫాంటులతో నిలిపిన పుటలలో ఫాంటును మార్చినచో అక్షరములన్నియు గజిబిజియగును. మఱియు, అక్షరము పెద్దది చేసినను బాలుడు తెరను ముఖమునకు దగ్గఱ చేర్చికొనుచున్నచో, వానికి కావలసినది నియమము కాదు, నేత్రవైద్యుడు.

కొందఱు పెద్దలు ఇంకొక ఆక్షేపణ చేయుదురు: "పుటను చక్కగ కట్టుట కట్టినవారి పని, ఆ బరువును పిల్లలపై వేయుదురా?" ఇది త్రోసివేయదగిన మాట కాదు. తెలుగు పుటలు కట్టువారు మన లిపి యెత్తును కొలిచి కట్టవలెను. కట్టనపుడు వారికి వ్రాసి తెలుపవలెను. కాని వారు దిద్దు వఱకు పిల్లల చదువు ఆగి యుండదు. సరిహద్దునకు ఈవలనున్న మనకు తెలుగు గ్రంథాలయములు కొలదిగనే యుండును. తెర మీది పుట మనకు ఆటవస్తువు కాదు, పుస్తకమునకు తోబుట్టువు. దీపము వత్తి చాలనపుడు వత్తిని ఎగదోసి చదువుకొనిన పెద్దల బిడ్డలము. నూనె పోసినవాడు వచ్చి ఎగదోయునని వారు కూర్చుండలేదు. పైగా ఈ దిద్దుబాటు చదువరి యంత్రమున మాత్రమే జరుగును. కర్త పుట కర్త వద్ద భద్రముగనే యుండును. ఒక్క మాటయు మాఱదు.

గిడుగు వేంకట రామమూర్తిగారు 1880 నుండి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ పనిచేసిరి. ఆ పట్టణము 1936లో ఒరిస్సాలో చేరినది. పాఠ్యపుస్తకముల భాష పిల్లలకు అందుబాటులో నుండవలెనని వారు జీవితమంతయు పోరాడిరి. వారు ఎదిరించిన శైలిలోనే ఈ వ్యాసము సాగుచున్నదని చదువరులు నవ్వవచ్చును, నవ్వుదురు గాక. వారి వాదము భాషను గూర్చినది, మాది అక్షరముల అమరికను గూర్చినది. కాని రెంటికిని నడుమ నున్నది చదువు బిడ్డయే. ఆ బిడ్డకు అడ్డు వచ్చునది మాటయైనను, పంక్తి యెడమైనను, తొలగింపవలసినదే.

కావున మా మనవి రెండు విధములు. పాఠశాల వారు కంప్యూటరు గంటలలో ఒకదానిని తొమ్మిదవ తరగతి పిల్లలకు ఈ ఐదు నియమములు నేర్పుటకు వినియోగింపవలెను. ఆ పిల్లలు తమ తమ్ములకును చెల్లెండ్రకును నేర్పుదురు. తల్లిదండ్రులు, బిడ్డకు తెలుగు రాదని నిశ్చయించుటకు ముందు, వాడు చదువు పుటను తాము ఒకమాఱు చదివి చూడవలెను. తమ కన్నులకే అది కష్టమైనచో, పుటను దిద్ది, బిడ్డచే మరల చదివింతురు గాక.