పథ్యమంటే పస్తు కాదు

మధుమేహంతో బాధపడుతున్న బాలలు తరగతి గదిలో రక్తపరీక్ష చేసుకోవడానికీ, ఇన్సులిన్ తీసుకోవడానికీ, పాఠాల నడుమ ఫలహారం తినడానికీ అనుమతించాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలను కోరింది. ఇటువంటి విద్యార్థులు పరీక్షా కేంద్రాలకు తినుబండారాలు తెచ్చుకోవడానికి సీబీఎస్ఈ 2017లోనే వెసులుబాటు కల్పించింది. ప్రాణరక్షణ కోసం నాలుగు బిస్కెట్లు తినడానికి సైతం ఉత్తర్వులు అవసరం కావడం, ఈ వ్యాధి పట్ల సమాజంలో ఉన్న అవగాహనాలోపానికి నిదర్శనం.

పెద్దలలో అధికంగా కనిపించే మధుమేహాన్ని చాలామంది ఆహార నియమాలతో, నడకతో, మాత్రలతో అదుపులో ఉంచుకోగలుగుతున్నారు. ఎక్కువగా బాల్యంలో, యౌవనంలో బయటపడే మొదటి రకం తీరు వేరు. ఇందులో క్లోమగ్రంథి ఇన్సులిన్‌ను దాదాపుగా ఉత్పత్తి చేయదు. 1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొనే వరకు వైద్యుల చేతిలో ఉన్న ఆయుధం అర్ధాకలి ఒక్కటే. రోగులు చిక్కి శల్యమయ్యేవారే తప్ప బతికి బట్టకట్టేవారు కాదు. శతాబ్దం గడిచినా అన్నం మాన్పిస్తే జబ్బు తగ్గుతుందన్న భ్రమ మన ఇళ్లను వీడలేదు. నాటు మందులను నమ్మి ఇన్సులిన్ ఆపివేస్తే రక్తంలో ఆమ్లాలు పెరిగి, కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

తిన్న పిండిపదార్థానికీ, తీసుకున్న ఇన్సులిన్ మోతాదుకూ పొంతన కుదరడమే ఇక్కడ పథ్యం. తిండి ఎక్కువై మందు చాలకపోతే చక్కెర పెరుగుతుంది. సూది వేసుకుని భోజనం ఆలస్యం చేస్తే చెమటలు, వణుకు, చివరకు స్పృహ తప్పడం సంభవిస్తాయి. స్పృహలో ఉండగానే మూడు చెంచాల పంచదార ఇస్తే సాధారణంగా గండం గట్టెక్కుతుంది. స్పృహ తప్పితే నోట ఏమీ పోయకుండా ఆస్పత్రికి తరలించాలి.

అమెరికా, కెనడాలలో 1,441 మందిపై జరిపి 1993లో ప్రచురించిన అధ్యయనం ఈ అదుపు విలువను చాటింది. చక్కెరను కట్టుదిట్టంగా నియంత్రించినవారిలో కంటి జబ్బు తలెత్తే ముప్పు 76 శాతం, నరాల జబ్బు ముప్పు 60 శాతం తగ్గాయి. అయితే చక్కెర ప్రమాదకరంగా పడిపోయే సంఘటనలు దాదాపు మూడింతలయ్యాయి. తిండిని లెక్కగట్టి మోతాదు మార్చుకోవడం నేర్పితే, ఆ ప్రమాదం పెరగకుండానే అదుపు మెరుగుపడుతుందని 2002లో బ్రిటన్‌లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

ఈ లెక్క మనకు అసాధ్యమేమీ కాదు. మధ్యాహ్న భోజన పథకం కింద ప్రాథమిక విద్యార్థికి 100 గ్రాముల ధాన్యం నిర్ణయించారు. 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాములు పిండిపదార్థమే. వడ్డించిన కొలతను, వేళను ఉపాధ్యాయులు తల్లిదండ్రులకు తెలియజేస్తే మోతాదు నిర్ణయం సులువవుతుంది.

కొలత తెలిసినంత మాత్రాన పని జరగదు. ఇన్సులిన్‌తో పాటు రక్తపరీక్ష పట్టీలు కూడా పేదలకు నిరంతరాయంగా ఉచితంగా అందాలి. జిల్లా ఆస్పత్రులలో ఆహార నిపుణుల సలహా లభించాలి. పట్టీలు కొనలేని కూలి తల్లిని బిడ్డ చక్కెర అదుపులో ఉంచమనడం, దీపం ఇవ్వకుండా చీకట్లో దారి చూపమనడమే. కమిషన్ సూచన కాగితాలకు పరిమితం కాకుండా చూడవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాలదే.