పిడికెడు బియ్యం



జనవరి సంచిక సిద్ధం చేస్తుంటే మనసు డోర్నకల్ వైపే పోతోంది. బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1945 జనవరి 1న అక్కడే ప్రభువు సన్నిధికి చేరారు. ఆయన తిరునెల్వేలి ప్రాంతపు తమిళులు. 1909లో, నిజాం రాజ్యంలో ఉన్న ఆ ఊరికి మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చుకుని, మనవారైపోయారు. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయ్యారు.

ఆ పదవి కంటే నన్ను ఎక్కువగా కదిలించేది ఆయన సంఘాల్లోని ఒక అలవాటు. ఎసట్లో పోయడానికి బియ్యం కొలుచుకుని, అందులోంచి ఓ పిడికెడు తీసి ఇల్లాలు విడిగా పెట్టిన కుండలో వేసేది. అది దేవునిది. ఆ తర్వాతే ఇంటివాళ్ల అన్నం. ఆ పిడికిళ్లు ఎవరివి? ఎక్కువగా మాల, మాదిగ పేటల కూలితల్లులవి. రేపటి గింజకు పూచీ లేని ఇళ్లు! మిగిలాక ఇవ్వడం కాదది, వండకముందే ఇవ్వడం. కృతజ్ఞత అన్న మాట వింటే నాకు ఆ కుండే గుర్తొస్తుంది.

దేవుని సేవకు పిలుపు సంగతీ అంతే. బాప్తిస్మం పొందేవారి చేత వారి తలమీద వారి చెయ్యే పెట్టించి, సువార్త చెప్పే భారం తమదేనని పలికించేవారు అజరయ్య గారు. చదువురాని పాలేరుకైనా మినహాయింపు లేదు. పిలుపంటే పాస్టరుగారికే అనుకుని ఊరుకున్న మనం ఎంత పోగొట్టుకున్నామో!

మీ ఇంట్లోనూ అలాంటి కుండ ఉండేదా? అమ్మమ్మనో నానమ్మనో అడిగి మాకు రాయండి.