ఒక కంట వెన్న, ఒక కంట సున్నం



పై సామెతను మా హోసూరు ప్రాంతంలో తెలుగువారు, తమిళులు, కన్నడిగులు ముగ్గురూ తమదే అనుకుంటారు. భాష ఏదైనా పక్షపాతం పెట్టే మంట ఒక్కటే కాబోలు. పంక్తిలో వలపక్షం జరిగితే పెద్దలు చూసీ చూడనట్లు ఊరుకుంటారు గాని, పిల్లలు ఊరుకోరు.

దీనిని పరీక్షించి చూసినవారున్నారు. 2015లో నేచర్ పత్రికలో వెలువడిన అధ్యయనంలో, భారతదేశంతో సహా ఏడు దేశాలలో 4 నుండి 15 ఏండ్ల పిల్లలను ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టి మిఠాయిలు పంచారు. నిర్ణయం ఒక్కరి చేతిలో ఉంటుంది. ఆ బిడ్డ సరేనంటే ఎవరి వాటా వారికి. కాదంటే ఇద్దరికీ ఏమీ దక్కదు. తనకు తక్కువ వచ్చినప్పుడు, ఉన్న ఆ కొంచెమూ వదులుకొని కాదనడం అన్ని దేశాల పిల్లలలోనూ కనిపించింది. తనకే ఎక్కువ వచ్చినప్పుడు వద్దనే గుణం మాత్రం మూడు దేశాలలోనే, అదీ కాస్త పెద్ద వయసులో కనిపించింది. ఆ మూడింటిలో మన దేశం లేదు. ముప్పై ఏండ్లు తరగతి గదిలో గడిపిన నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు.

ఇక మన తెలుగు తరగతికి వద్దాం. ఒక బిడ్డ తరతరాలుగా ఇక్కడే ఉన్న ఇంటివాడు. మరొక బిడ్డ తండ్రి ఉద్యోగరీత్యా రాజమండ్రి నుండి వచ్చినవాడు. మొదటివాడు వ్యాసంలో ‘అంగడి’ అని వ్రాస్తే ఎర్రసిరాతో కొట్టివేసి ‘దుకాణం’ అని దిద్దే ఉపాధ్యాయులున్నారు. ‘యాల’ అంటే తరగతి అంతా నవ్వుతుంది. అంగడి మన ప్రాచీన కావ్యాలలోని మాట. దుకాణమే పరదేశం నుండి వచ్చినది. ‘యాల’ పద్యాలలోని ‘ఏల’కు ఇంటిరూపం. రెండవవాడు ‘వచ్చేడు’ అని వ్రాస్తే మాత్రం ఆ ఎర్రసిరా కదలదు. ఇద్దరూ దీనిని గమనిస్తారు. మొదటివాడు రెండు నెలలలో చెయ్యెత్తడం మానుకుంటాడు. ‘శ్రద్ధ లేదు’ అని మనం వ్రాసుకుంటాము. వాడు తన వాటాను వద్దన్నాడని మనకు తోచదు.

తల్లిదండ్రులారా, మీ ఇంటి సంగతి కూడా చూడండి. కొడుకును రుసుము కట్టి ఇంగ్లీషు బడికి పంపి, కూతురిని ప్రభుత్వ తెలుగు బడిలో చేర్చే ఇండ్లు మన పల్లెలలో కొత్త కాదు. ఆ పిల్లకు తెలుగు అమ్మభాషగా కనిపిస్తుందా, తమ్ముడికి అక్కరలేక తనకు మిగిలిన దానిగా కనిపిస్తుందా? ఈ ఒక్క సంగతి ఆమె తెలుగు పుస్తకాన్ని ఎలా తెరుస్తుందో నిర్ణయిస్తుంది. మేము ఎంత మంచి పాఠం చెప్పినా అది తరువాతి మాట.

2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చినప్పుడు తమిళం నేర్వడానికి మనలో చాలామందికి అభ్యంతరం లేదు. మన పిల్లల స్థితిని చూడకుండా ఒకే కొలత పెట్టారన్నదే మన బాధ. పరీక్ష మినహాయింపు కోసం న్యాయస్థానాల గడప ఎక్కవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును మరొక ఏడాది పొడిగించింది. మన స్థితిని చూడండని అక్కడ అడిగిన మనమే తరగతిలో ఇంటిమాటను కొట్టివేస్తే ఎలా?

అందరికీ సమానంగా పంచమని నేననడం లేదు. అక్షరాలు రాని కొత్తబిడ్డకు ఎక్కువ సమయం ఇవ్వండి. కారణం ముందే చెబితే మిగిలిన పిల్లలు ఒప్పుకుంటారు, కొందరు తామే పలక పట్టుకొని సాయానికి వస్తారు. చెప్పకుండా ఇస్తే అదే సమయం వారికి వలపక్షంగా తోస్తుంది. మార్కులు వేసే కొలతను కూడా పరీక్షకు ముందే బల్లపై వ్రాయండి.

“పబ్లిక్ పరీక్షలో దిద్దేవారు మా ఇంటిమాటలను ఒప్పుకుంటారా?” అని మీరడగవచ్చు. ఒప్పుకోకపోవచ్చు. ఆ మాటే బిడ్డకు చెప్పండి. ఇంటిమాటను కొట్టివేయక, పక్కన పుస్తకరూపం వ్రాసి, “ఇది మన ఇంటిది, ఇది పరీక్షకు” అనండి. రాజమండ్రి బిడ్డ ‘వచ్చేడు’ పక్కన కూడా అదే సిరాతో, అలాగే వ్రాయండి.