అప్‌డేట్ మీద కోపం సరే, దాన్ని ఎవరి మీద చూపాలి?

టెస్ట్ సిరీస్ పేపరు సగంలో ఉండగా లాప్‌టాప్ 'రీస్టార్ట్ చేయాలి' అని అడ్డం వస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నేనుండే కిరండూల్, కొత్తవలస నుంచి వచ్చే రైల్వే లైనుకు చివరి స్టేషను. ఇక్కడ మాకు సివిల్స్ కోచింగ్ అంటే లాప్‌టాపే. రోజుకు 2 జీబీ మొబైల్ డేటాతో పాఠాలు వినేవాళ్ళకి నెలనెలా వందల ఎంబీల అప్‌డేట్ దిగిందంటే ఆ రోజు ఎకానమీ క్లాసు పోయినట్టే. అందుకే మనలో చాలామంది ఏదో వీడియో చూసి అప్‌డేట్ సర్వీసునే మూసేస్తారు. మీరూ ఆ పని చేసి ఉంటే ఇది మీ కోసమే.

ముందు, మూసేస్తే ఏమవుతుందో చూడండి. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న సవరణ విడుదల చేసింది. అదే లోపాన్ని వాడుకుని మే 12న వన్నాక్రై ప్రపంచం మీద పడింది. మధ్యలో దాదాపు రెండు నెలలు. అయినా బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో పని ఆగిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు లాక్ అయ్యాయి. మన దగ్గర దొంగిలించడానికేముంది అంటారా? ఆధార్, కుల ధ్రువపత్రం, మార్కుల మెమోలు, సంతకం స్కాన్, యూపీఐకి కట్టిన ఈమెయిల్. ఇంకొకరి పేరు మీద అప్లికేషన్ పెట్టడానికి కావలసినవన్నీ ఒకే ఫోల్డర్లో ఉన్నాయి. ఫారం నింపించుకునే ఆన్‌లైన్ సెంటర్లలో ఇంకా ఘోరం. అక్కడి డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి, మీకంటే ముందు వచ్చినవాళ్ళ కాగితాలు కనిపిస్తాయి. ఆ కంప్యూటర్‌కి చివరి అప్‌డేట్ ఎప్పుడు పడిందో కూడా చూసి రండి.

అలాగని అప్‌డేట్ ఏది వచ్చినా కళ్ళకద్దుకోమని నేను చెప్పను. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. (చాలా నోట్సుల్లో దీన్ని మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ అని రాస్తున్నారు. కాదు. మెయిన్స్‌లో ఉదాహరణగా రాసేటప్పుడు జాగ్రత్త.)

నా వాదన ఇదీ: మనల్ని విసిగిస్తున్నది భద్రతా సవరణ కాదు, దాంతోపాటు ఒకే మూటలో కట్టి పంపే మిగతా సరుకు. కొత్త ఫీచర్లు, అడగని యాప్‌లు, మన వేళతో పనిలేని రీస్టార్ట్. ఈ మూట విప్పడం సాధ్యం కాదా? సాధ్యమేనని మైక్రోసాఫ్టే చూపించింది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిశాక, నమోదు చేసుకున్న వ్యక్తిగత వినియోగదారులకు ఇంకో ఏడాది కేవలం భద్రతా సవరణలే ఇస్తామంది, కొత్త ఫీచర్లు లేకుండా. ఏటీఎంల వంటి ప్రత్యేక యంత్రాల కోసం అమ్మే ఒక విండోస్ 10 రకానికైతే 2032 జనవరి వరకు సవరణలున్నాయి. అంటే అడ్డం సాంకేతికం కాదు, వ్యాపారం.

విశాఖ రైలును భద్రత కోసం దంతెవాడ దగ్గరే ఆపేసిన రోజులు మా ఊరివాళ్ళకు బాగా తెలుసు. తిట్టుకున్నా అర్థం చేసుకునేవాళ్ళం, ఎందుకంటే ముందుగా ప్రకటన వచ్చేది, కారణం చెప్పేవారు. సాఫ్ట్‌వేర్ దగ్గర మనం అడుగుతున్నదీ అంతే.

ఇక ప్రత్యామ్నాయం. విండోస్ 11కి టీపీఎం 2.0 భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ కావాలి. దీనివల్ల 24 కోట్ల కంప్యూటర్లు చెత్తలోకి పోవచ్చని కెనాలిస్ సంస్థ 2023లో అంచనా వేసింది. మీ పాత లాప్‌టాప్ అందులో ఉంటే లినక్స్ చూడండి. అదేమీ వింత కాదు. సీ-డాక్ వాళ్ళ బాస్ 2007 నుంచి ఉంది, రక్షణ శాఖ 2023లో ఉబుంటు ఆధారంగా మాయా తెచ్చుకుంది, కేరళ ప్రభుత్వ బడులు ఏళ్ళుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. తెలుగులో స్వేచ్ఛ బృందం ఇదే పని మీద ఉంది.

కానీ లినక్స్‌కి అప్‌డేట్లు ఉండవన్న మాట నమ్మకండి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న లినక్స్ ఉపకరణంలో ఎవరో దొడ్డిదారి పెట్టారని బయటపడింది. పట్టుకున్నది మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఇంజినీరే! లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆరా తీశాడు. కాబట్టి ఇక్కడా సవరణలు వేసుకోవాలి. తేడా ఎక్కడంటే, లినక్స్ మింట్‌లో భద్రతా సవరణలు విడిగా గుర్తుపెట్టి కనిపిస్తాయి. ఏది, ఎప్పుడు అన్నది మీ ఇష్టం. రీస్టార్ట్ మీరు చేసినప్పుడే. పీడీఎఫ్, బ్రౌజరు, వీడియో క్లాసులు, యూనికోడ్ తెలుగు టైపింగ్ అన్నీ బాగా నడుస్తాయి. అను ఫాంట్లలో టైపు చేసేవాళ్ళకు, విండోస్ యాప్‌లోనే తెరుచుకునే కోచింగ్ వీడియోలు కొన్నవాళ్ళకు మాత్రం ఇబ్బందే.

ఇదంతా మన ఒక్కొక్కరి నెత్తిన వేసుకోవలసిన పని కూడా కాదు. ఈ-గవర్నెన్స్‌లో ఓపెన్ సోర్స్‌కే ప్రాధాన్యమని, దాన్ని పక్కన పెడితే టెండరు వేసే సంస్థ కారణం చెప్పాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కొనే కంప్యూటర్లకు ఎన్నేళ్ళు భద్రతా సవరణలు ఇస్తారో, వాటిని ఫీచర్ల నుంచి విడదీసి ఇస్తారో లేదో కూడా టెండరులోనే రాయించాలి. అంత పెద్ద కొనుగోలుదారు అడిగితే కంపెనీలు వింటాయి. జీఎస్-3లో సైబర్ భద్రత ప్రశ్నకు సెర్ట్-ఇన్, ఐటీ చట్టం 70బి సెక్షన్‌తో ఆగిపోకుండా ఈ కోణం కూడా రాయండి.

ప్రస్తుతానికి విండోస్‌లోనే ఉంటే సెట్టింగ్స్‌లో వైఫైని 'మీటర్డ్' చేసుకోండి, 'యాక్టివ్ అవర్స్' మీ చదువు వేళలకు మార్చుకోండి. ఆదివారం స్నేహితుడి బ్రాడ్‌బ్యాండ్ మీద అప్‌డేట్ దించుకోండి. లినక్స్ చూడాలనుకుంటే ముందు 8 జీబీ పెన్‌డ్రైవ్ నుంచి, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా, రెండు మూడు రోజులు వాడి చూడండి. నోట్సు బ్యాకప్ తీసుకున్నాకే ఇన్‌స్టాల్. ప్రిలిమ్స్ నెలలో మాత్రం ఈ పని పెట్టుకోకండి.